అత్తయ్యగారి బొటనవేలు, రోమన్ల కంచు బంతి

ఆ ఆదివారం స్టుట్‌గార్ట్‌లో ప్రార్థన ముగించుకుని స్టేషనుకు వచ్చేసరికి, బ్యోబ్లింగెన్ వెళ్ళే మా ఎస్-బాన్ లోకల్ రైలు రద్దయిందని బోర్డు మీద పడింది. బయట వాన. కాకినాడ నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చిన మా అత్తయ్యగారు నాతోనే ఉన్నారు.

"ఇక్కడ చలిలో కూర్చునే బదులు ఏదైనా మ్యూజియం చూసొద్దాం పదమ్మా," అన్నారు.

ఆవిడ సోషల్ టీచరుగా రిటైరయ్యారు. ఏళ్ళ తరబడి పిల్లలకు రోమన్ సామ్రాజ్యం పాఠం చెప్పారు గానీ, రోమన్ల వస్తువు ఒక్కటీ కళ్ళతో చూడలేదు.

మ్యూజియంలో ఒక ఇంగ్లండు పురావస్తు శాస్త్రవేత్త ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. వాళ్ళ దేశంలో ఊరి జనమే సరదాగా ఒక పొలం తవ్వితే, బోలుగా ఉన్న కంచు బంతి దొరికిందట. దానికి పన్నెండు ముఖాలు, ముఖానికో చిల్లు, మూలమూలకూ ఒక బుడిపె. ఒక చిల్లున్నంత ఇంకోటి లేదు. ఇలాంటివి జర్మనీలోనూ దొరికాయట.

"ఇది దేనికి వాడేవారో మాకెవరికీ తెలియదు," అన్నాడాయన సంబరంగా.

"తెలియదని చెప్పడానికి ఇంత దూరం వచ్చాడా పాపం," అన్నారు అత్తయ్యగారు నా చెవిలో.

తరువాత ఆయన దాని నకలును అందరి చేతికీ ఇస్తూ, మీకేమనిపిస్తోందో చెప్పమన్నాడు. ఒక ముసలాయన కొవ్వొత్తి స్టాండన్నాడు. ఒకావిడ చేతి తొడుగులు అల్లే సాధనమంది. బంతి అత్తయ్యగారి చేతికొచ్చింది.

"ఉంగరాల సైజు చూసేదండీ. మా కంసాలి దగ్గర రింగుల గుత్తి ఉంటుంది, ఇదీ అంతే," అని ఆవిడ ఇంగ్లీషులో చెప్పి, ఉంగరపు వేలు ఒక చిల్లులో పెట్టి చూపించారు. వేలు హాయిగా వచ్చేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంకో చిల్లులో బొటనవేలు పెట్టారు.

అది రాలేదు.

ఆవిడ కాసేపు ఏమీ జరగనట్టే కూర్చున్నారు. నేను చేయి చాపితే, "అమ్మాయ్, ఇరుక్కుందే," అన్నారు మెల్లగా.

నేను లాగాను. మ్యూజియం ఉద్యోగిని పరుగున వచ్చి, "లాంగ్‌జామ్, లాంగ్‌జామ్," అంటూ మెల్లగా లాగమని నన్ను బతిమాలింది. నకలు విరిగిపోతుందని ఆమె భయం, వేలు విరిగిపోతుందని నా భయం. అత్తయ్యగారి బ్యాగులో ప్రార్థన నూనె సీసా ఉందని నాకు గుర్తొచ్చింది.

"వద్దు," అన్నారావిడ కచ్చితంగా. "ప్రభువును సిలువ వేసినవాళ్ళ సామానుకి ప్రార్థన నూనె రాస్తావా?"

"అది నకలండీ అత్తయ్యగారూ."

"నకలైనా సరే."

చివరికి ఉద్యోగిని కింది కేఫ్‌ నుంచి వెన్న తెచ్చింది. ఇంగ్లండాయన తన కోటు విప్పి, నేల మీద మోకాళ్ళూని, ఆవిడ బొటనవేలికి ఓపికగా వెన్న పూసి, బంతిని ఇటూ అటూ తిప్పాడు. వెనక వరుసల వాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. నేను నవ్వాపుకోలేక స్తంభం చాటుకు వెళ్ళాను. ఉన్నట్టుండి వేలు చప్పుడు చేస్తూ ఊడొచ్చింది. హాలంతా చప్పట్లు.

"అయితే ఇది ఉంగరాల కొలతకేనంటారా?" అని ఆయన చేతులు తుడుచుకుంటూ మర్యాదగా అడిగాడు.

అత్తయ్యగారు ఎర్రబడ్డ వేలిని చూసుకుని, "ఉంగరాలకేమో గానీ, వేలు పెట్టాల్సిన విషయం మాత్రం కాదు," అన్నారు తెలుగులో. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను గానీ, అందులోని మజా సగం దారిలోనే పోయింది. అయినా ఆయన నవ్వాడు.

తిరుగు రైలు ఎక్కగానే ఆవిడ కాకినాడలోని చెల్లెలికి వీడియో కాల్ చేశారు. ఫోను స్పీకర్లో ఉంది.

"ఏం చెప్పనే, ఇక్కడ ఒక ఇంగ్లండు ప్రొఫెసరు అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎంతసేపటికీ నా చెయ్యి వదల్లేదు."

అవతల చెల్లెలు ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"అక్కా," అంది గొంతు తగ్గించి, "బావగారికి చెప్పావా?"