ఎల్.కె.జి. గదిలోంచి తీయించిన కుర్చీ

తొంభైల్లో మల్కాపురంలో నేనొక చిన్న బడి నడిపాను. రెండు వీధుల అవతల రిఫైనరీ గోడ. గాలి ఇటు మళ్ళిన రోజున నూనె వాసనకి పిల్లలు ముక్కులు మూసుకునేవారు. ఎల్.కె.జి.లో నలభైమంది పైచిలుకు, ఒక్కతే టీచరు. ఆయా దండగని మాన్పించింది నేనే. చీమిడి తుడవడం, తడిసిన లాగులు మార్చడం, పలకల మీద అక్షరాలు దిద్దించడం, అన్నీ ఆవిడే.

ఒకరోజు పోర్టులో పనిచేసే ఒక తండ్రి నా గదికొచ్చాడు. "ఏటి సార్, మీ టీచరమ్మ కుర్చీ దిగదా? కూకుంటే పిల్లలకి సదువెలాగొస్తాది?" అని నవ్వాడు. ఆయన గుమ్మం దాటేసరికి మరిచిపోయే మాట. నేను మరిచిపోలేదు. ఆ సాయంత్రమే ఆ కుర్చీ తీయించి నా ఆఫీసులో వేయించుకున్నాను. అడ్మిషన్లకి వచ్చినవాళ్ళతో "మా టీచర్లు కూర్చోరండీ" అని గొప్పలు పోయాను. నన్ను చూసి పక్క వీధి బడివాళ్ళూ తీయించారు. సిగ్గుమాలిన పనికి పోటీలు పడ్డాం!

నెల తిరక్కుండానే టీచరు నా గదికొచ్చింది. "కాళ్ళు వాసిపోతన్నాయి సార్. పిల్లల్నొగ్గీసి బాత్రూంకెల్లడానికి లేదని నీళ్ళు తాగడమే మానీసినాను. కుర్చీ అయినా ఇప్పించండి."

"డిసిప్లిన్ ఉండదమ్మా" అన్నాను, ఫ్యాను కింద కూర్చుని.

తర్వాత ఒకనాడు కిటికీలోంచి చూస్తే, ఆవిడ పిల్లల బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో జ్వరంతో నిద్రపోతున్న పిల్లాడు. లోపలికెళ్ళి "లేవండి" అన్నాను. వాణ్ణి ఎత్తుకునే లేచింది. పిల్లలంతా ఆవిడతోపాటు లేచి "గుడ్ మార్నింగ్ సార్" అని పాట అందుకున్నారు.

మర్నాడు రాజీనామా తెచ్చింది. ఆ కుర్చీయే చూపించి కూర్చోమన్నాను.

"నిలబడే సెప్తాను సార్. కూకోడం మీరే మాన్పించీసారు కదా."

కాగితం నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

చిన్నపిల్లల టీచరంటే ఇప్పటికీ "పిల్లలతో ఆడుకోవడమేగా" అంటారు. అలా అనేవాణ్ణి ఒక్క పూట, నీళ్ళు తాగనివ్వకుండా, ఆ గదిలో నిలబెట్టాలి. ముందు నన్ను నిలబెట్టాలి.

సోమవారం కొత్త టీచరు చేరింది. గదంతా చూసి నా ఆఫీసుకొచ్చి "కుర్చీ లేదేటి సార్?" అని అడిగింది. ఆ కుర్చీ మా ఇద్దరి మధ్యనే ఉంది.

"తెప్పిస్తాను" అన్నాను. తెప్పించలేదు.