కారవాన్ వెనక పడిన ఒక్క దెబ్బ

ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, ఆ పూట ఏం తిన్నారని అడిగే రకం నేను. మాది రాజోలు దగ్గర పల్లె. దేవుణ్ణి నమ్ముతాను, దయ్యాల్ని నమ్మను. పదకొండేళ్ళుగా ఖతర్‌లో హౌస్ డ్రైవర్‌గా చేస్తున్నాను. బండిలో ఏ చప్పుడొచ్చినా దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ కిందటి చలికాలం విన్న ఒక చప్పుడుకి మాత్రం ఇప్పటికీ కారణం దొరకలేదు.

మా యజమానిని అందరం బాబా అంటాం. చలికాలం రాగానే ఆయన కుటుంబం మెసయీద్ ఊరి అవతల సీలైన్ అనే ఇసుక తీరంలో గుడారాలు వేసుకుని వారాంతాలు గడుపుతుంది. అందుకోసం ఒక మోటార్‌హోమ్ ఉంది. పడకలు, వంటగది, స్నానాల గది అన్నీ ఉన్న బస్సంత బండి. ఇంట్లో దాన్ని కారవాన్ అంటారు. దాని వెనక ఒక పాత గేర్ల పికప్‌ని ఇనుప బారుతో తగిలించి లాక్కెళ్తాం. ట్రైలర్ మీదకి ఎక్కించం, పికప్ నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లుతూ వస్తాయి. ఆటోమేటిక్ బండిని అలా లాగితే గేర్‌బాక్స్ పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే బాబా ఎన్ని కార్లు మార్చినా ఆ పికప్‌ని మాత్రం అమ్మలేదు.

లాగేముందు పికప్‌ని న్యూట్రల్‌లో పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ దించాలి. స్టీరింగ్ లాక్ పడకుండా తాళంచెవిని ఒక మెట్టు తిప్పి ఉంచాలి. ఇందులో ఏ ఒక్కటి మరిచిపోయినా కొంప మునుగుతుంది.

ఈ పనంతా నాకు నేర్పింది ఓబులేసు బాబాయ్. రాయచోటి మనిషి. కుర్రతనంలో లారీ క్లీనర్, తర్వాత ఇరవై ఆరేళ్ళు ఈ ఇంట్లోనే డ్రైవర్. ఆయన పనితనం చూసి తీరాలి. ఆయన చెయ్యూపుతుంటే నేను కారవాన్‌ని వెనక్కి తీస్తే, బారు మొదటిసారికే వచ్చి కొక్కెంలో కూర్చునేది.

నేను కారవాన్ నడిపితే ఆయన వెనక ఉండేవాడు. పికప్‌లో చేయాల్సినవన్నీ చేసి దిగి, మన లారీ క్లీనర్ల పద్ధతిలో కారవాన్ రేకు మీద అరచేత్తో కొట్టేవాడు. రెండు దెబ్బలంటే పోనివ్వమని. ఒక్కటంటే ఆపమని. బండి కదిలాక కూడా ఇరవై అడుగులు పక్కనే నడిచి, పికప్ చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూసుకుని, అప్పుడు పరుగెత్తుకొచ్చి ఎక్కేవాడు. అరవై దాటినా ఆ పరుగు మానలేదు. నేను ఎంత ఆటపట్టించినా పట్టించుకునేవాడు కాదు.

కిందటేడు ఆయన పని మానేసి ఇంటికి వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో దింపినప్పుడు నాతో ఒకటే మాట అన్నాడు.

“ఎనకాల ఎవురూ లేరని మర్చిపోబాకు అబ్బా.”

నేను సరిగ్గా అదే మరిచిపోయాను.

ఆయన లేకుండా చేసిన మొదటి ట్రిప్పు అది. శనివారం మధ్యాహ్నం, తిరుగు ప్రయాణం. బాబా, మేడమ్ ముందే కారులో వెళ్ళిపోయారు. ముగ్గురు పిల్లలూ, వాళ్ళని చూసుకునే నేపాలీ ఆయా కారవాన్‌లో ఎక్కారు. నేను బారు తగిలించి పిన్ను వేశాను. గొలుసులు, లైట్ల వైరు చూసుకున్నాను. తాళంచెవి తిప్పాను, హ్యాండ్‌బ్రేక్ దించాను. అన్నీ చేసేశానని తృప్తిగా వెళ్ళి సీట్లో కూర్చున్నాను.

ఇసుకలో ఎక్కడ ఆపినా పికప్‌ని ఫస్ట్ గేర్‌లో పెట్టి దిగడం మా అలవాటు. ఆ ఉదయం నేనూ అలాగే దిగాను. బయల్దేరేముందు ఆ గేరు తీయడం ఎప్పుడూ బాబాయ్ పని. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా తీయలేదు.

కారవాన్ కదిలింది. ఇసుకలో బండి ఎప్పుడూ బరువుగానే లాగుతుంది కాబట్టి నాకేమీ తెలియలేదు. పది గజాలు వెళ్ళి ఉంటాను. వెనక రేకు మీద ఒక్క దెబ్బ పడింది. గట్టి అరచేతి దెబ్బ. నా కాలు దానంతటదే బ్రేక్ మీదకి వెళ్ళింది.

“కౌన్ మారా?” అని ఎవరు కొట్టారో హిందీలో అడిగింది ఆయా. అంటే ఆమెకీ వినిపించింది. పిల్లలు ముగ్గురూ బెల్టులు పెట్టుకుని కూర్చునే ఉన్నారు. నేను కాదన్నట్టు పెద్దమ్మాయి రెండు చేతులూ ఎత్తి చూపింది.

దిగి వెనక్కి వెళ్ళాను. మనిషి లేడు. చుట్టూ బోడి ఇసుక, దగ్గరి గుడారమే అరకిలోమీటరు దూరం. బండి ఆగిన చోట నా అడుగులు తప్ప వేరే అడుగు లేదు. పికప్ వెనక మాత్రం నాగలితో దున్నినట్టు రెండు చాళ్ళు. చక్రాలు తిరగకుండా ఈడ్చుకొచ్చాయి. తలుపు తీసి చూస్తే గేరు ఫస్ట్‌లో ఉంది.

ఆ ఇసుక దాటితే మెసయీద్ రోడ్డు, ఫ్యాక్టరీల లారీలు బారులు తీరే రోడ్డు. అక్కడ వేగం మీద చక్రాలు అలా పట్టేసి పికప్ అడ్డం తిరిగి ఉంటే, కారవాన్‌ని కూడా తిప్పేసేది. లోపల పిల్లలున్నారు. అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

కాస్త తేరుకున్నాక కారణం వెతికాను. బారు కీళ్ళు, గొలుసులు, లోపలి అల్మారా తలుపులు, అన్నీ కదిపి చూశాను. ఇనుము ఇనుమును కొడితే ఖంగుమంటుంది. నేను విన్నది అది కాదు. గేరు తీసి, బండిని రెండుసార్లు కాస్త ముందుకి నడిపి ఆపి చూసినా ఆ చప్పుడు మళ్ళీ రాలేదు.

దోహా చేరాక బాబా దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆయన ఇకమీదట రెండో మనిషి లేకుండా బారు తగిలించొద్దని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రమే రాయచోటికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. బాబాయ్ నవ్వుతాడనుకున్నాను.

“పిల్లోళ్ళు బాగుండారా?” అని ముందు అడిగాడు. బాగున్నారని చెప్పాక తన సంగతి మొదలుపెట్టాడు.

“నాకూ ఒకతూరి కొట్టినారబ్బా. నువ్వు రాకముందు మాట. గేరు తీయకుండా ఇదే మాదిరి పోతాంటి. ఒక్క దెబ్బ. దిగి చూస్తే ఎవురూ లేరు. ఆ పొద్దు నుంచే నేను ఎనకాల నిలబడుకునేది.”

“ఎవరు కొట్టారు బాబాయ్?”

“నాకేం తెలుసు.”

ఆ జాగ్రత్తంతా లారీల్లో నేర్చుకున్నదేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఒకసారి అంత భయపడిన మనిషి, ఆ భయం ఎవరికీ చెప్పకుండా, ఏళ్ళ తరబడి మా వెనక నడిచాడు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నందుకు నాకు గర్వంగా ఉంది.

ఆ దెబ్బ ఎవరు కొట్టారో నాకు తెలియదు. బాబాయ్ నిక్షేపంగా ఉన్నాడు, ఆ సమయానికి రాయచోటి అంగట్లో టీ తాగుతున్నాడట. దయ్యమని నేను ఇప్పటికీ అనను. ఏమనాలో మాత్రం తెలియదు.

మర్నాడు ఆదివారం. ఖతర్‌లో సెలవులు శుక్ర, శనివారాలే కాబట్టి ఆదివారం బడి ఉంటుంది. ముగ్గురు పిల్లల్నీ నేనే బడి దగ్గర దింపాను. చిన్నవాడు బ్యాగు ఊపుకుంటూ లోపలికి పరుగెత్తాడు. గేటు మూసేదాకా నేను కారు కదపలేదు.