ఇంటర్వెల్‌లోనే హంతకుణ్ణి పట్టేసిన రోజు

నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి మాట... ఒక ఆదివారం భోజనాలు పెందలాడే ముగించుకుని, ఉయ్యూరులో బస్సెక్కి, బెజవాడ గవర్నర్‌పేటలో దిగి, మ్యాట్నీకి హాల్లో కూర్చున్నాం. పెదనాన్న, పెద్దమ్మ, నేను.

మా ఇంట్లో సినిమా బాగుందో లేదో చెప్పే హక్కు ఒక్క పెదనాన్నదే. తిరుగు బస్సు కంకిపాడు దాటేలోపు తీర్పు వచ్చేసేది. "ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ సాగదీశాడు"... ఏ సినిమాకైనా ఇంచుమించు ఇదే! నేను నోరు తెరిస్తే చాలు, "నీకేం తెలుసే" అనేవారు. నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చేది.

ఆ రోజు చూసింది హత్యల సినిమా. ఊరి పెద్దమనిషి శవం చెరకు తోటలో దొరుకుతుంది. ఆయన దగ్గర పనిచేసే గుమాస్తాకి ఇంతేసి మీసాలు, ఎర్రటి కళ్ళు... తెర మీదకొచ్చినప్పుడల్లా డప్పుల మోత. ఇంకోపక్క పట్నం నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు. పల్లెటూరి మొహమే చూడలేదంటాడు. బురదలో కాలు పెట్టాలన్నా రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంటాడు. హాలంతా అతన్ని చూసి ఒకటే నవ్వు.

ఒక కామెడీ సీనులో పాలేరు డాక్టరుకి చెరకు గడ ఇస్తాడు. "మొదలు నుంచి మొదలెట్టండి బాబూ" అని మొదలు వైపే అందిస్తాడు. డాక్టరు ఏదో పరధ్యానంగా ఆ గడని తిప్పి, చివర వైపు నోట్లో పెట్టుకుని, పళ్ళతో సర్రున తొక్క లాగేస్తాడు. మరుక్షణం పాలేరు కాలు జారి బురదలో పడతాడు. అందరూ పాలేరుని చూసి నవ్వుతున్నారు... నేను మాత్రం నవ్వలేదు.

ఎందుకంటే చెరకు తోటల్లో పెరిగినవాళ్ళకి చివర నుంచి తినడం చిన్నప్పటి నుంచీ అలవాటు. చివర చప్పగా ఉంటుంది, మొదలు వైపు తీపెక్కువ. ముందు చప్పటిది నమిలేసి తీపి వైపు రావాలి. పట్నం నుంచి వచ్చిన మా చుట్టాల పిల్లలు మొదలు ముందు తినేసి, సగంలో పారేసేవాళ్ళు. మరి ఈ డాక్టరుకి గడ తిప్పాలని ఎవరు చెప్పారు?

ఇంటర్వెల్‌లో గోలీసోడా తాగుతూ ఉండబట్టలేక అనేశాను. "పెదనాన్నా, చంపింది డాక్టరే. వాడు పట్నపోడు కాదు, చెరకు తోటల్లో పుట్టినోడే!"

చెరకు సంగతి చెబితే ఆయన పడీపడీ నవ్వారు. "ఓసి పిచ్చిదానా, చంపింది గుమాస్తా. ఆ మీసం చూళ్ళేదూ?"

"కాదు, డాక్టరే."

"సరే, నీ మాట తప్పయితే ఇంకెప్పుడూ సినిమా అనకూడదు. మేం సినిమాకెళ్తే నువ్వు ఇంట్లో కూచుని మినుములు బాగుచేసుకోవాలి. ఒప్పుకుంటావా?"

అయినా తలూపాను. అప్పుడు పెద్దమ్మ అందుకుంది. "మరి దాని మాటే నిజమయితేనో? అదీ చెప్పండి."

"నిజమయితే... వచ్చే సినిమా ఏదో అదే చెబుతుందిలే" అన్నారు, ఎలాగూ జరిగేది కాదు కదా అన్నట్టు.

సెకండాఫ్ అంతా నేను సినిమా చూడలేదు, నా భవిష్యత్తు చూసుకున్నాను. గుమాస్తా కత్తి నూరుతుంటే పెదనాన్న నావైపు తిరిగి కనుబొమలెగరేశారు. ఇక మినుములే గతి అనుకున్నాను... ఇంతలో గుమాస్తా శవమై తేలాడు! ఆఖర్న ముసుగు లాగితే... డాక్టరు! చిన్నప్పుడు ఆ ఊరి నుంచి పారిపోయిన కౌలురైతు కొడుకట.

"చెప్పానా!" అంటూ కుర్చీ ఎక్కి నిలబడ్డాను. "కూచోమ్మా, కనపట్లేదు" అని వెనకనుంచి కేకలు. ఎవరికి కావాలి!

తమాషా ఏంటంటే, క్లైమాక్సులో చెరకు ఊసే ఎవరూ ఎత్తలేదు. దర్శకుడు కావాలనే పెట్టాడో, ఆ నటుడిది మావైపు ఊరో నాకిప్పటికీ తెలీదు. ఏదైతేనేం, గెలుపు గెలుపే.

తిరుగు బస్సులో కంకిపాడు దాటినా తీర్పు రాలేదు. ఇంటి ముందు పక్కింటి మాస్టారు ఎప్పటిలాగే అడిగారు. "సినిమా ఎలా ఉందండీ?"

పెదనాన్న చెప్పులు విప్పుతూ, "అమ్మాయినడగండి మాస్టారూ" అన్నారు.

అబ్బ... ఆ మాట! తర్వాత ఎన్ని పరీక్షలు పాసయినా, అంత ఆనందం ఎప్పుడూ లేదు. అరుగు మీద కూర్చుని అరగంట చెప్పాను. పాటలెందుకు దండగో కూడా చెప్పాను.

మాట ప్రకారం తర్వాతి సినిమా నేనే ఎంచాను. దెయ్యం సినిమా. అందులో నేను కనిపెట్టింది ఏంటంటే, భయమేస్తే మూసుకోవాల్సింది కళ్ళు కాదు, చెవులు! సంగీతం లేకపోతే ఆ దెయ్యం తెల్లచీర కట్టుకుని తలుపులు తీస్తూ తిరిగే మామూలు ఆడమనిషే. ఇక కామెడీ సినిమాలకైతే పెద్దమ్మ పక్కన కూర్చోవాలి. ఆవిడ అందరికంటే ఆలస్యంగా నవ్వేది. ఆ నవ్వు చూసి మా వరస వరసంతా మళ్ళీ నవ్వేది.

ఇప్పుడు మా ఇంట్లో నలుగురికి నాలుగు ఫోన్లు, నాలుగు సినిమాలు. మా అమ్మాయి థ్రిల్లర్ పెట్టుకునే ముందే చంపింది ఎవరో చదివేసుకుంటుంది. "టెన్షన్ పడలేనమ్మా" అంటుంది. దాన్ని తప్పుపట్టను. నేను పక్కన చేరి "చంపింది వీడే చూడు" అంటే, "అవునమ్మా, వాడే" అని తల తిప్పకుండా చెప్పేస్తుంది.

మీరూ ఇలా సగం సినిమాలో ఎవరినైనా పట్టేశారా? అప్పుడు మిమ్మల్ని ఎవరు కాదన్నారు? కింద రాయండి, అందరం చదువుకుందాం...

నాకైతే ఇప్పుడు ఎన్నిసార్లు కరెక్టుగా చెప్పినా గెలిచినట్టే ఉండదు. పక్కన కూర్చుని "నీకేం తెలుసే" అనేవాళ్ళు ఉంటేనే కదా, గెలిచేది!