సెలూన్ పెట్టెకు బోర్డు

మా తాతగారికి సొంత రైలు పెట్టె ఉండేది. దాన్ని సెలూన్ అనేవారు. అందులో పడకగది, భోజనాల గది, వంటవాడికి వేరే గది. ఆయన ప్రయాణం పెట్టుకుంటే మెయిలు బండి చివర దాన్ని తగిలించేవారు. నేను పుట్టేసరికి జమీందారీ లేదు, పెట్టె లేదు. చెప్పుకోవడం మాత్రం మిగిలింది. అది మా ఇంట్లో ఎవరూ మానలేదు.

అందుకే రైల్వే చరిత్ర అభిమానులు విశాఖలో సమావేశం పెట్టుకుంటున్నామని, మా పెట్టె ఒక యార్డులో దొరికితే బాగుచేయించామని, దాని ముందు పెట్టిన బోర్డు మీద గుడ్డ నా చేత్తో తీయించాలని ఫోను చేస్తే వెంటనే ఒప్పుకున్నాను. ఆ బోర్డు మీద తాతగారి పేరు చూడాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు. రుషికొండ హోటల్లో మొదటి వరసలో కూర్చున్నాను.

సెమినార్లో రెండో వక్త మా పెట్టె గురించే మాట్లాడాడు. వాళ్లకొక పద్ధతి ఉందట. పాత పెట్టెను మొదట ఎలా ఉండేదో అలా చెయ్యరు. ఆఖరున ఏ పనిలో ఉందో ఆ రూపాన్నే నిలబెడతారు. మా పెట్టె రైల్వే చేతికి వెళ్లాక, పట్టాల మరమ్మతు చేసే గ్యాంగ్‌మన్లు సంసారాలతో ఉండే క్యాంపు పెట్టె అయింది. తెర మీద ఫోటో వేశాడు. భోజనాల గదిలో కిరోసిన్ స్టవ్వు, బట్టలారేసిన తాడు, గోడల నిండా మసి. హాలంతా చప్పట్లు. బోర్డు మీద కూడా ఇదే పద్ధతా అని విరామంలో నిర్వాహకుణ్ణి అడిగాను. వివరాలన్నీ ఉంటాయండీ అని, యార్డుకు బస్సు బయల్దేరుతోందని తొందరపెట్టాడు. తాతగారి పేరుందని మాత్రం అనలేదు.

బస్సులో కిటికీ పక్కన ఇరుక్కున్నాను. పక్కాయన ఫోనులో ఇంజన్ల కూతలు ఒక్కొక్కటే వినిపిస్తూ ఏది ఏ ఇంజనో చెప్పమన్నాడు. మల్కాపురం దగ్గర రిఫైనరీ వాసన వస్తుంటే ఇక్కడ దిగిపోతానన్నాను. మధ్యలో ఆపరన్నారు.

యార్డు గేటులోంచి అందరినీ లోపలికి పంపించి తాళం వేశారు. నేను పెట్టె దాకా వెళ్లకుండానే వెనక్కి తిరిగి, బయటికి పోవాలని గేటు కాపలా అతనికి చెప్పాను.

“గ్రూపు పాసు సార్. అందరూ ఒక్కపాలే ఎల్లాల,” అన్నాడు. తర్వాత నాకు వినబడేలాగే తోటివాడితో, “సూడు బావ, పెళ్లికొడుకు పారిపోతన్నాడు,” అన్నాడు.

తిరిగి నడిచి, పెట్టెకు దూరంగా ఎండలో నిలబడ్డాను. గుడ్డ తీయనని నిర్వాహకుడికి చెప్పేశాను. ఆయన బతిమాలాడు. ఆ కార్యక్రమం అయితేగాని భోజనాలు లేవు. నన్ను వదిలేసి ఎవరూ గేటు దాటలేరు. ఇరుక్కున్నది నేనొక్కణ్ణే కాదని అప్పుడు తెలిసింది. కొంత బాగానే అనిపించింది.

పెట్టె మెట్ల మీద కూర్చున్న ముసలావిడ లేచి వచ్చింది. గ్యాంగ్‌మన్ భార్య. ఆ పెట్టెలో కాపురం చేసిందని ఆమెనూ పిలిపించారు.

“ఏటి బాబూ, అలిగినావా?” అంది.

“మా తాతగారి పేరు లేని బోర్డు మీద గుడ్డ నేను తియ్యనమ్మా.”

“నా పేరూ లేదు. నా ముగ్గురు పిల్లలూ ఆ పెట్టిలోనే పుట్టినారు. నానేటి అలిగినానా? ఆకలేత్తంది, లాగీ బాబూ.”

వెళ్లి గుడ్డ లాగాను. బోర్డు నిండా క్యాంపు పెట్టె గురించే రాశారు. అట్టడుగున, నేలకు జానెడు ఎత్తులో, చిన్న అక్షరాలు: ‘అంతకు ముందు ఒక జమీందారు సెలూన్.’ ఒక జమీందారు. బందెలదొడ్డిలో కట్టేసిన ఎవరిదో పశువు గురించి రాసినట్టు.

ఫోటోకి నన్ను బోర్డు పక్కన నిలబెట్టారు. నేను ఒక అడుగు జరిగి, ఆ చివరి లైను నా పంచె వెనక పడేలా నిలబడ్డాను. కొంచెం ఇటు రండి సార్, కింద లైను కనిపించడం లేదు అన్నాడు ఫోటో తీసేవాడు. నేను కదల్లేదు. మళ్లీ అడిగాడు. మా పేరు రాయలేనివాళ్లు ఆ లైను చూపించుకోనక్కర్లేదు. భోజనాలకు ఆలస్యమవుతోందని వెనకనించి ఎవరో విసుక్కున్నారు. నడుము నిటారుగా పెట్టుకుని కెమెరా వైపే చూశాను. చివరికి అలాగే తీశాడు.