ఓడ మీద వచ్చిన క్యాసెట్టు

చింతపండు పిప్పితో ఇత్తడి చెంబు తోముతుంటే లేచే ఆ పుల్లటి వాసన నాకు ఇప్పటికీ మా నాన్న వాసనే. తిరువూరులో మా ఇంటి అరుగు మీద, పెళ్ళిళ్ళ కాలం మొదలయ్యే ముందు రోజుల్లో, నాన్న ట్రంపెట్టును ఒళ్ళో పెట్టుకుని, చింతపండు రుద్ది, కడిగి, పాత పంచె ముక్కతో తుడిచి, ఎండకు పట్టి చూసుకుని, ఎక్కడో చిన్న మచ్చ కనపడితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. ఆ ట్రంపెట్టు ఆయనది కాదు, బ్యాండు మాస్టారిది. అయినా మా అమ్మ తన చెవికమ్మలను కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు.

నాన్న పేరు సామ్యేలు. ముహూర్తాలున్న నెలల్లో ఎర్రకోటు వేసుకుని బ్యాండులో వాయించేవాడు, లేని నెలల్లో గంపలగూడెం వైపు పత్తిచేలకు పురుగుమందు కొట్టడానికి కూలికి పోయేవాడు. మందు వాసనతో వచ్చిన రోజున మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒంటి నిండా సబ్బు రుద్దుకుని, నీళ్ళు పోసుకుని, అప్పుడు నన్ను పిలిచి, పెదాలు బిగించి గాలి ఎలా వదలాలో నేర్పేవాడు. నాకు ఎంత ఊదినా ఉమ్మే వచ్చేది. ఆయన పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వులో పైవరస పళ్ళు తెల్లగా, ఒక్కటీ వంకర లేకుండా కనిపించేవి.

నేను ఐదో తరగతి పూర్తిచేసిన వేసవిలో, రెడ్డిగూడెం తోటల నుంచి మామిడికాయల బండ్లు వస్తూ, వీధి వీధంతా ఆవపిండి ఘాటుతో తుమ్ముతున్న రోజుల్లో, అమ్మ తమ్ముడు దానియేలు మామయ్య వచ్చాడు. ఓడల్లో వంటవాడాయన. ఒక టేపురికార్డరూ ఒక క్యాసెట్టూ తెచ్చాడు. క్యాసెట్టు అట్ట మీద పసుపు గోడ, దాని ముందు తెల్లకోటు వేసుకున్న నల్లటి మనిషి, ఆయన మోకాళ్ళ మధ్య పొడవాటి డ్రమ్ము.

"పనామా రేవులో కొన్నా బావా. మా బావ బూరా ఊదుతాడంటే కొట్టువాడు వెతికి మరీ ఇచ్చాడు" అన్నాడు మామయ్య.

మొదటిసారి విన్నప్పుడు నాన్న మొహం చిట్లించాడు. పది మంది పది రకాలుగా వాయిస్తున్నట్టుంది. మూడో రోజు మధ్యాహ్నం మాత్రం అన్నం కలుపుకుంటున్న చేయి ఆపేసి, "ఆగండాగండి, దీని కింద కర్రలున్నాయి" అన్నాడు. కోలాటం కర్రల్లాంటి రెండు కర్రలు పాట అడుగున ఎక్కడో మూడు దెబ్బలు వేసి, కాస్త ఆగి, రెండు దెబ్బలు వేస్తున్నాయి. ఎవరు ఏం వాయించినా ఆ కర్రల లెక్క తప్పడం లేదు. అది పట్టుకున్నాక మిగతాదంతా మాకు విడివిడిగా వినపడసాగింది. పియానో ఉయ్యాల ఊపినట్టు అదే మాటను మళ్ళీ మళ్ళీ అంటుంది. చేతులతో వాయించే డ్రమ్ములు దానితో వాదులాడతాయి. ఒకాయన పాడితే నలుగురు వంత పాడతారు, ఆదివారం మా గుడిలో కీర్తన ఎత్తుకున్నట్టే. వాళ్ళు చాలించగానే ట్రంపెట్లన్నీ ఒక్కసారి తలుపు తోసుకుని లోపలికి వస్తాయి. ఏ భాషో తెలియదు. అమ్మ మాత్రం మిరపకాయలు దంచుతూ తెలియకుండానే మూడు, రెండు దెబ్బలు వేసేది.

ఆషాఢమంతా నాన్న అందులోని మూడో పాట సాధన చేశాడు. ప్రకాశం బాబాయి, బ్యాండులో సైడ్ డ్రమ్ము ఆయనే, మా అరుగు మీద కూర్చుని చెక్క ముక్కలతో కర్రల లెక్క వేసేవాడు. బ్యాండు మాస్టారు మాత్రం ముందే చెప్పాడు, పెళ్ళిళ్ళలో సినిమా పాటలే కొట్టాలని.

మాఘమాసంలో నెమలి అనే ఊరి దగ్గర ఒక పెద్ద రైతు ఇంట్లో పెళ్ళి. నేనూ వస్తానని ఏడిస్తే నాన్న తీసుకెళ్ళాడు. పొద్దున ఎదురుకోలు. పెళ్ళివారు కారు దిగి పానకం తాగుతుండగా బ్యాండు కాసేపు ఆగింది. నేను నాన్న కోటు పట్టుకుని లాగాను.

"నాన్నా, మన పాట వాయించవా?"

ఆయన మాస్టారి వైపు చూశాడు. మాస్టారు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నాన్న బాబాయికి కనుసైగ చేశాడు.

ఆ నాలుగు నిమిషాలు మా నాన్న ఆ ఊళ్ళో అందరికంటే పెద్దవాడు. ముసలమ్మలు నవ్వారు, పిల్లలు ఎగిరారు, పానకం గ్లాసు పట్టుకున్న పెళ్ళికొడుకు పాదం కూడా కదిలింది. నాన్న కళ్ళు మూసుకుని ఒక్కడే పైకి, ఇంకా పైకి ఎక్కిపోతున్నాడు. పెళ్ళికొడుకు పెదనాన్న కొడుకొకడు, పొద్దున్నే తాగి ఉన్నవాడు, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆపి సినిమా పాట కొట్టరా."

నాన్నకు వినపడలేదు.

"నీకే చెప్పేది! ఎవడి పెళ్ళనుకుంటున్నావ్ రా?" అంటూ అరచేత్తో ట్రంపెట్టు వెడల్పు మూతిని బలంగా కొట్టాడు.

నాన్న పై పళ్ళు రెండు విరిగాయి. పెదవి చీలింది. ఎర్రకోటు మీద రక్తం కనిపించలేదు, చొక్కా కాలరు మీదే కనిపించింది. మాస్టారు చేయి ఊపగానే మిగతా బ్యాండు సినిమా పాట ఎత్తుకుంది, పెళ్ళివారు ముందుకు కదిలారు. నాన్నా, బాబాయీ, నేనూ రోడ్డు పక్కన మిగిలాం. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే నాన్న చెయ్యి అడ్డం పెట్టుకుని, "సైకిలు మీంచి పడ్డానండి" అన్నాడు.

వారం తర్వాత మాస్టారి మనిషి వచ్చి ట్రంపెట్టు తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం అమ్మ క్యాసెట్టును పొయ్యిలో పెట్టింది. "ఇదే మన కొంప ముంచింది" అంది. నాన్న చూస్తూ కూర్చున్నాడు. అడిగింది నేనని అమ్మకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కట్టుడు పళ్ళతో ట్రంపెట్టు నిలవదు. ఆ తర్వాత ఏడాది పొడుగునా పత్తిచేలే. ఊపిరితిత్తులు పాడై ఆయన మంచం పట్టిన రోజుల్లో, అప్పటికి నేను టీచరునై, ఒక బిడ్డ తల్లినై, ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి అడిగాను.

"నాన్నా, ఆ రోజు ఆ పాట అడిగింది నేనే కదా?"

చాలాసేపు ఆయాసపడ్డాడు. "అడిగావా? నాకు గుర్తులేదమ్మా" అన్నాడు. తర్వాత, "ఆ పూట బాగా పలికింది కదూ?" అన్నాడు.

"బాగా పలికింది నాన్నా."

వానలు మొదలవకముందే పోయాడు.

ఇప్పుడు మా ఊళ్ళో పెళ్ళికి ట్రాక్టరు మీద డీజే బాక్సులు వస్తున్నాయి. ఆ బ్యాండులో ప్రకాశం బాబాయి ఒక్కడే బతికున్నాడు. పోయిన నెలలో మా అమ్మాయి, నేను చెప్పిన అట్ట బొమ్మను బట్టి, ఆ ఆల్బం ఫోనులో వెతికి పెట్టింది. ముప్పై ఏళ్ళ తర్వాత మూడో పాట విన్నాను. కర్రలున్నాయి, వంతలున్నాయి. నాన్న ఒక్కడే పైకి ఎక్కిన చోట మాత్రం ట్రంపెట్టు లేదు. అక్కడ పియానో ఒక్కటే ఉంది. ఫోను తీసుకుని బాబాయి దగ్గరికి వెళ్ళాను.

"అందులో లేదమ్మా అది. మీ నాన్న సొంతంగా పెట్టుకున్నాడు" అన్నాడు బాబాయి.

"ఎట్టా ఉండేదో ఒక్కసారి పాడు బాబాయి."

రెండు స్వరాలు అన్నాడు. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగాడు. "రావట్లేదమ్మా" అన్నాడు.

నాకు గుర్తుందనే అనుకున్నాను. కానీ ఈ నెల రోజులుగా ఆ పాట ఎన్నిసార్లు విన్నానో, ఇప్పుడు ఆ చోటికి రాగానే నాకూ పియానోనే వినిపిస్తోంది.