పర్లేదు అన్న పేషెంటు

2023 జూలై, భూమధ్యరేఖకి దిగువన ఉన్న మాకు చలికాలం. వెర్రిబీ అనే ఊళ్ళో మా క్లినిక్‌లో నేను జీపీగా చేరి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. జీపీ అంటే ఇక్కడ మొదటి మెట్టు డాక్టరు. జలుబైనా గుండెదడైనా ముందు మా దగ్గరికే రావాలి. మనిషికి పదిహేను నిమిషాలు. ఆ ఏడు ఫ్లూ తొందరగా వచ్చింది, ఇద్దరు డాక్టర్లు మానేసి వెళ్ళిపోయారు, నాలో విసుగు తప్ప ఇంకేమీ మిగల్లేదు. అలాంటి రోజుల్లోనే ఒక పేషెంటు అసలు సంగతి చెప్పకుండా నా గదిలోంచి లేచి వెళ్ళిపోబోయింది. చెప్పేలా చేసింది నేను కాదు.

షాడోయింగ్ అని ఒకటుంది. డాక్టరు కావాలనుకునే పిల్లలు ఒక డాక్టరు వెనక నీడలా కూర్చుని రోజంతా చూస్తారు. చూడటమే, ముట్టుకోకూడదు, సలహాలివ్వకూడదు. మెడిసిన్ ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొస్తుందని మనవాళ్ళలో దానికి మహా గిరాకీ. అయితే పిల్లలు అడగరు, తల్లిదండ్రులు అడుగుతారు. గృహప్రవేశంలో అడుగుతారు, బార్బీలో, అంటే పెరట్లో మాంసం కాల్చుకునే విందులో, అడుగుతారు, సూపర్ మార్కెట్లో ఉల్లిపాయల దగ్గర నిలబెట్టి అడుగుతారు. "పిల్లనే అడగమనండి" అని తప్పించుకుంటాను. చాలామంది పిల్లలు అడగరు. నా ప్రాణం హాయిగా ఉంటుంది.

సుజాత గారు అడిగింది కేరమ్ డౌన్స్ గుడి క్యాంటీన్‌లో. "మా హాసిని బయోమెడ్ సెకండియర్ అండీ. మీ పక్కన ఒక్క వారం కూర్చోనివ్వండి, సీవీలో వేసుకుంటుంది" అన్నారు. నా మామూలు జవాబు చెప్పి పులిహోర మీద పడ్డాను. మూడో రోజుకి ఆ పిల్ల దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. నాలుగే వాక్యాలు, ఇంగ్లీషులో. నాకు మెడిసిన్ చదవాలని ఉందో, అమ్మకి ఉందో నాకు తెలియడం లేదు. మెడిసిన్ ప్రవేశపరీక్షకి కూర్చునే ముందు ఒక మామూలు రోజు చూడాలని ఉంది. ఒక్క రోజు చాలు. కుదరదన్నా ఏమీ అనుకోను. వచ్చే బుధవారం రమ్మన్నాను. ఒక్క రోజే అడిగింది కాబట్టి రమ్మన్నాను, అంతకంటే గొప్ప కారణం లేదు.

బుధవారం పొద్దున్న పదకొండు దాకా దగ్గులూ, చెవిపోట్లూ, సిక్ సర్టిఫికెట్లూ. హాసిని మూలన కుర్చీలో కదలకుండా కూర్చుంది. తర్వాత వచ్చింది పద్మ గారు. నల్గొండ మనిషి, వేర్‌హౌస్‌లో ప్యాకింగ్ పని, మూడు నెలలకోసారి బీపీ మాత్రల కోసం వస్తుంది. మూడో మనిషి గదిలో ఉండాలంటే పేషెంటు కన్సెంట్, అంటే అనుమతి, తీసుకోవాలి. తీసుకున్నాను. "ఈ అమ్మాయి స్టూడెంట్ అండీ. కూర్చుంటే ఫరవాలేదా?"

"పర్లేదు మేడమ్, కూసోనియ్యండి. మన పిల్లనే గదా" అంది ఆవిడ. తర్వాత హాసిని వైపు తిరిగి మనవాళ్ళందరూ అడిగే ప్రశ్నే అడిగింది. "ఎవరి బిడ్డవమ్మా?"

"సుజాత వాళ్ళ అమ్మాయిని ఆంటీ."

"గట్లనా. మీ అమ్మ మా వాట్సాప్ గ్రూపులనే ఉంటది."

నవ్వింది. కింద పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను కంప్యూటర్ వైపు తిరిగి, ఏమిటి ఇవాళ, అన్నాను. ఎడమ భుజం జెరంత గుంజుతుంది, అంతే, అంది. స్వెటర్ మీదనుంచే భుజం ఎత్తించాను, తిప్పించాను. బాగానే ఉంది. బరువులు మోసే ఉద్యోగం కదా అని పారాసెటమాల్ అని టైపు చేస్తున్నాను. బయట ఆరుగురు కూర్చుని ఉన్నారు.

అప్పుడు హాసిని లేచి, "సారీ ఆంటీ, ఐ నీడ్ టు స్టెప్ అవుట్ ఫర్ ఎ బిట్" అంది. నాకు ఒళ్ళు మండింది. రెండు గంటలకే ఫోను మీద మనసు పోయిందనుకున్నాను. తలుపు మూసుకుంది. పద్మ గారు బ్యాగు జిప్పు తీసి మళ్ళీ వేసింది.

"మేడమ్, ఇంకొకటున్నది."

"చెప్పండి."

"రొమ్ముల గడ్డ లెక్క తగులుతున్నది. ఉగాది ముందటి సంది."

ఉగాది వెళ్ళి అప్పటికి నాలుగు నెలలు. చూశాను. చింతగింజంత, గట్టిగా, కదలకుండా. ఇంట్లో ఎవరికైనా చెప్పారా అంటే లేదంది. "నలుగురికి తెలిస్తే ముందే నన్ను జంపేస్తరు మేడమ్. ఇయ్యాల జెప్పుదామని వచ్చిన. మళ్ళ వద్దులే అనుకున్న." ఎందుకు వద్దనుకుందో నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు, నాకు సిగ్గేసింది. అప్పటికప్పుడు మామోగ్రామ్‌కీ, అల్ట్రాసౌండ్‌కీ రిఫరల్, అంటే పరీక్షకి పంపే ఉత్తరం, రాసిచ్చాను. ఫోను చేసి ఆ వారంలోనే టైము ఇప్పించాను.

మధ్యాహ్నం టీ రూములో హాసినిని అడిగాను, ఎక్కడికి వెళ్ళావని. కారిడార్లో ఫ్లూ పోస్టర్ చదువుతూ నిలబడిందట.

"ఎందుకు వెళ్ళావు? ఆవిడ ఒప్పుకుంది కదా."

"షీ సెడ్ పర్లేదు, ఆంటీ."

"అదే కదా ఒప్పుకోవడం."

"మమ్ ఆల్వేస్ సేస్ పర్లేదు. నాన్న అమ్మ బర్త్‌డే మర్చిపోతే పర్లేదు. నాకు మెడిసిన్ సీట్ రాకపోతే పర్లేదు. ఇట్ నెవర్ మీన్స్ ఇట్స్ ఓకే." తను ఎవరి అమ్మాయో తెలిశాక ఆవిడ బ్యాగు ఒళ్ళోకి తీసుకుంది, చూశారా, అంది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. తెలుగులో పుట్టి పెరిగినదాన్ని నేను. ఆ పిల్ల ఇంట్లో మాట విని అర్థం చేసుకుంటుందే గాని జవాబు పూర్తిగా తెలుగులో ఇవ్వదు.

"ఈజ్ షీ ఆల్‌రైట్?"

"అది నీకు చెప్పకూడదమ్మా."

"ఓకే" అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

అది క్యాన్సరే. ఇంకా పాకలేదు. ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది, ఇప్పుడు మళ్ళీ మూడు నెలలకోసారి బీపీ మాత్రల కోసమే వస్తుంది. ఇది రాస్తానని అడిగితే "పర్లేదు మేడమ్" అంది. రెండోసారి అడిగాను. "పేర్లు మార్చి రాయండి" అంది. మార్చాను. ఇప్పుడు మా క్లినిక్‌లో స్టూడెంట్ ఉన్న రోజున ముందు వాళ్ళని బయట నిలబెట్టి, పేషెంటుని ఒంటరిగా అడుగుతాను. పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. అలసిపోయిన మనిషికి కావలసిన జవాబే వినబడుతుంది, అందుకే ఆ రోజు నాకు "సరే" అని వినబడింది.

కిందటేడు గుడి క్యాంటీన్‌లో మళ్ళీ సుజాత గారు కనిపించారు. "మీ దగ్గర ఆ రోజు ఏం చూసిందో మా పిల్ల ఇప్పటిదాకా ఒక్క ముక్క చెప్పలేదండీ. ఏం నేర్చుకుందో ఏమో" అన్నారు. బాగా నేర్చుకుందని చెప్పాను. మెడిసిన్ సంగతేమైందని అడిగాను. పరీక్ష రాసిందట, ఇంటర్వ్యూకి పిలుపు రాలేదట.

"పర్లేదు లెండి, వచ్చే ఏడాది చూసుకోవచ్చు" అన్నారు నవ్వుతూ.

వెర్రిబీకి గంటకు పైగా డ్రైవింగ్ ఉంది, మర్నాడు క్లినిక్ ఉంది, నా ఒంట్లో ఓపిక లేదు. ప్లేటు పక్కన పెట్టి, ఎదుటి కుర్చీ లాగాను.

"కూర్చోండి సుజాత గారూ. నిజంగా పర్లేదా?"

ఆవిడ కూర్చుని, చాలాసేపు ఏడ్చారు.