ఇంకొకరి చేతి ముద్ద

మా పక్కింటత్త పోయిందని మొన్న పొద్దున మంగళవాడ నుంచి ఫోనొచ్చింది. చేసింది ఆమె చిన్నకోడలు. నిద్రలోనే పోయిందంట. ఔనా అన్నాను. ఎన్ని గంటలకు తీస్తారని అడిగినాను. ఫోను పెట్టేసి, చేటలో ఉన్న బియ్యంలో రాళ్లు ఏరడం అయిపోయినాక ఇప్పుడు మేముండే పావగడలో బస్సెక్కినాను. ఆమెను చూసినాను, పిడికెడు మన్ను వేసినాను, సాయంత్రానికి ఇంటికొచ్చేసినాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తా ఉన్న ఈ పొద్దుకూ రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలీదు. ఆమె గురించి తెలిసినది మాత్రం మీకు చెప్తాను.

మాకు చుట్టరికం లేదు. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను మంగళవాడకు కొత్తకోడలిగా పోయినప్పుడు అందరూ చెనక్కాయే వేసేవాళ్లు. నడింట్లో దూలం దాకా చెనక్కాయ మూటలు. మూటలుంటే ఎలుకలు, ఎలుకలుంటే పిల్లి. మా పిల్లి ఎలుకల్ని పట్టేది గానీ, కాయల రాశిలోనే ఉచ్చ పోసేది. మా అత్త చీపురు తిరగేసి బాదేది. పక్కింటత్త వచ్చి, ఆ చీపురు మెల్లగా తీసుకుని మూలన పెట్టింది. పగిలిన కుండపెంకు ఒకటి తెచ్చి, బూడిద పోసి, గోడవారగా ఉంచింది. పిల్లికి తిండి పెట్టినప్పుడల్లా దాన్ని ఎత్తుకుపోయి బూడిదలో నిలబెట్టి, తన వేలితో బూడిద గీకి చూపించేది. కొన్నాళ్లకు పిల్లి తనంతట తానే అక్కడికి పోసాగింది.

పాల దుత్త మీదికి ఎగబాకినా అంతే. పక్కింటత్త అరిచేది కాదు. ఎత్తి కింద పెట్టేది. మళ్లీ ఎక్కితే మళ్లీ దించేది. మధ్యలో ఏదో ఆలోచిస్తా ఉన్నట్టుండేది మొహం.

"కొడితే నిన్ను చూసి భయపడేది నేర్చుకుంటాది, పాలు ముట్టగూడదని నేర్చుకోదు. దానికంటే ముందు నీకు విసుగు రాగూడదమ్మే, అంతే" అని నాతో చెప్పింది. పక్కింటి మామ కోపిష్టి. ఆయన గొంతు లేచినప్పుడు కూడా ఆమె అట్లే చెంబుతో నీళ్లిచ్చి, పక్కన కూర్చునేది.

ఆమెకు ఒక కుక్క ఉండేది. నల్లగా ఉంటాదని కన్నడంలో కరియ అని పిలిచేది. అంతకు ముందున్న కుక్కను, కళ్లంలో కాయలు ఆరేసిన రోజుల్లో, ఎవరో విషం కలిపిన కూడు పెట్టి చంపినారంట. అందుకని కరియకు చిన్నప్పటి నుంచి ఒకటి నేర్పింది. ఆమె చేతి సంగటి తప్ప ఇంకొకరు పెట్టింది ముట్టగూడదు. ఆమె పెట్టినా, తిను అని ఆమె నోటితో అనాల. అనేదాకా ముద్ద ముందర కూర్చుని నోరూరించుకుంటా ఆమె మొహమే చూసేది. ఆడుకునే పిల్లకాయలు మాంసం ముక్కలు వేసి చూసేవాళ్లు. మొహం పక్కకు తిప్పుకునేది.

నేను దాని దగ్గరికి పోయేదాన్ని కాదు. చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్నదాన్ని. గోడ ఇవతల నుంచి చూసేదాన్ని.

ఒక ఏడు చెనక్కాయ ఊడలు మన్నులోకి దిగి కాయ కట్టే టయానికి వాన మొహం చాటేసింది. చెట్టు చెట్టుగానే ఎండిపోయింది. ఆ ముందేడూ అంతే. ఊర్లో సగం మంది బెంగళూరుకు కట్టడం పనులకు పోయినారు. పక్కింటి మామ, అత్త కూడా పోయేదానికి సిద్ధమైనారు. కుక్కను బస్సులో ఎక్కించుకోరు. పోయినా, అక్కడ రేకుల గుడిసెలో యాడ పెట్టుకుంటారు?

అత్త గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది. కరియకు నీ చేతి కూడు తినేది నేర్పాల, రా అనింది. నాకు భయమని ఆమెకు తెలుసు. అయినా నన్నే పిలిచింది.

మొదట నా చేతిని ఆమె చేతిలో పెట్టుకుని ముద్ద పట్టించింది. తిను అని ఆమె అంటే తినింది. దాని వెచ్చటి నాలుక నా వేళ్లకు తగిలితే కళ్లు మూసుకున్నాను. తర్వాత నా చెయ్యి ఒకటే, మాట ఆమెది. తర్వాత ఆమె వాకిలి దగ్గర నిలబడి, నన్ను తిను అనమనింది. కరియ నన్ను చూసింది, ఆమెను చూసింది. ఆమె తల వంచుకుని నేల చూస్తా ఉండిపోయింది. చానా సేపటికి కరియ తినింది.

ఆమె కంటబడకుండా లోపలికి పోతే మాత్రం తినలేదు. ఆ పొద్దంతా ముద్ద ముందర కూర్చునే ఉంది. ముద్ద ఎండి బీటలు వారింది. వదిలెయ్ అత్తా, నువ్వే పెట్టు అన్నాను.

"నా చేతి కూడే కూడని అది చస్తే, నేను నేర్పింది బుద్ధి గాదమ్మే, ఉరి" అనింది. గొంతు మామూలుగానే ఉండాది. ఆమె ఆ పొద్దు తినిందో లేదో నేను అడగలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం కరియ నా చేతి ముద్ద తినింది. గోడ అవతల నుంచి అత్త, తిన్నాడా అని అడిగింది. తిన్నాడన్నాను. సరే అని మూటలు కట్టుకునేదానికి పోయింది.

పోయే రోజు కరియను మా గడప దగ్గర కూర్చోబెట్టి, ఉండు అనింది. నేను తిరిగి చూస్తే లేచి వస్తాడు, అందుకని చూడను అని నాకు ముందే చెప్పింది. చూడలేదు. బస్సు దుమ్ము అణిగేదాకా కరియ కూర్చునే ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. అప్పటికి నాకు భయం పోయి ఉన్నట్టుంది, ఎప్పుడు పోయిందో గమనించలేదు.

మళ్లీ తొలకరికి, ముంగారు వానలకు వాళ్లు వచ్చినారు. కరియ ఉరికిపోయి ఆమె కాళ్లకు చుట్టుకున్నాడు, కుయ్యోమని ఏడ్చినాడు. ఆమె సంచిలోంచి బన్ను తీసి అరచేతిలో పెట్టింది. సిమెంటుకు పగిలిపోయిన చెయ్యి. కరియ వాసన చూసి, వెనక్కి తిరిగి నా వైపు చూసినాడు.

"చెప్పమ్మే" అనింది అత్త.

తిను అన్నాను. తిన్నాడు.

ఆమె కొంగుకు చెయ్యి తుడుచుకుని, బాగా నేర్పినావు అనింది. తిరిగి తీసుకుపో అత్తా అని నేనంటే, రెండిండ్లకు తిప్పితే దానికి మతి పోతాది అని చెప్పింది. ఆ తర్వాత పిల్లుల్ని సాకింది గానీ, ఇంకో కుక్కను సాకలేదు.

కరియ ఉన్నన్నాళ్లు మా గడపలోనే పండుకున్నాడు. తెల్లారి ఆమె వాకిట్లో పేడనీళ్లు చల్లేదానికి వస్తే మాత్రం లేచి పోయి, చల్లడం అయ్యేదాకా పక్కన నిలబడేవాడు. ఆమె చెంబు బోర్లించినాక, ఆ తడినేల మీద నడుచుకుంటా మా ఇంటికి వచ్చేవాడు. ఆమె ముగ్గు పిండి తెచ్చుకుని వంగేది. ఆమె గడప నుంచి మా గడప దాకా పడిన ఆ అడుగులను మాత్రం వదిలేసి, వాటికి అటూ ఇటూ ముగ్గేసేది.